పెళ్లి ఫొటోలు తీసేవారు ఎఫ్/1.2 ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది; ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది) కొనాలా, వద్దా?

ముందు పాత పెళ్లి ఫొటోలు తెరిచి ఎఫ్/1.8లో తీసినవెన్నో లెక్కపెట్టండి. పదింటికి ఒకటీ లేకపోతే ఆ డబ్బు లైట్ల మీద పెట్టడమే మేలు.

ఎఫ్/1.8 కంటే ఎఫ్/1.2లో వెలుతురు 2.25 రెట్లు, కాబట్టి కెమెరా వెలుతురు సున్నితత్వం, అంటే ఐఎస్‌ఓ 3200 బదులు సుమారు 1400 చాలు. కానీ 35 ఎంఎం ఫిల్మంత సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్‌లో 85 ఎంఎంతో మీటరున్నర దూరంలో తీస్తే ఫోకస్‌లో ఉండేది రెండు సెంటీమీటర్లే. పెళ్లికూతురు కాస్త తల తిప్పిందా, అవతలి కన్ను మసకే. జీలకర్ర-బెల్లం వేళ ఇద్దరి ముఖాలూ కావాలంటే ఎలాగూ ఎఫ్/4కి రావాల్సిందే. బరువు కూడా చూసుకోండి: కానన్ ఆర్‌ఎఫ్ 85 ఎంఎం ఎఫ్/1.2 ఒక్కటే 1,195 గ్రాములు, ముహూర్తం అయ్యేసరికి మణికట్టు లాగేస్తుంది.

అయినా మనసు పోతే ఒకరోజు అద్దెకు తెచ్చి, చీకటి పడ్డాక ప్రకాశం బ్యారేజీ దీపాలను ఎఫ్/1.2 దగ్గర, అంటే పూర్తి ఓపెన్‌లో తీయండి. ఫ్రేము అంచుల్లో దీపపు చుక్కలు పిల్లికన్నులా సాగుతున్నాయా, ఊదా అంచు కడుతోందా, వంద శాతం జూమ్‌లో చూసుకోండి.