సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొని రోజూ నడపాలంటే

కారు పాతబడేకొద్దీ దాని ధర పడిపోతుంది, విడిభాగాల ధర మాత్రం పడదు. కొత్తలో అందనంత ఖరీదున్న కారు ఇప్పుడు మామూలు కారు రేటుకి వస్తోందని సంబరపడి కొనేస్తారు, తీరా బ్రేక్ డిస్కులు, క్లచ్, సస్పెన్షన్ మార్చాల్సి వచ్చినప్పుడు బిల్లు ఆ ఖరీదైన కారు లెక్కలోనే వస్తుంది. అందుకని చేతిలో ఉన్న డబ్బంతా కారుకే పోయొద్దు. కొన్న ధరలో ఐదో వంతైనా మొదటి ఏడాది రిపేర్లకని పక్కన పెట్టండి, అంత మిగలదనుకుంటే ఒక మెట్టు కింది కారు చూసుకోండి.

టెస్ట్ డ్రైవ్ ఖాళీ రోడ్డు మీద చేస్తే ఏ స్పోర్ట్స్ కారైనా నచ్చేస్తుంది. మీరు రోజూ తిరిగే లాంటి రోడ్డు మీద, ట్రాఫిక్‌లో, స్పీడ్ బ్రేకర్ల మీద నడపండి. క్లచ్ బరువుగా ఉందా, సీట్లోంచి దిగేటప్పుడు నడుము పట్టేస్తోందా, పార్కింగ్ ర్యాంప్‌కి ముందు బంపర్ గీసుకుంటోందా అన్నవి అక్కడే తెలుస్తాయి.

ప్రతి మోడల్‌కీ అందరికీ తెలిసిన జబ్బు ఒకటుంటుంది, అదేంటో తెలుసుకున్నాకే వెళ్లండి. పోర్షే 996, మొదటి తరం బాక్‌స్టర్‌లలో ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ని మోసే బేరింగ్) పోతే ఇంజినే పోవచ్చు, కాబట్టి దాన్ని మార్చిన బిల్లు ఉందా అని అడగాలి. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3లో వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక సస్పెన్షన్‌ని మోసే చట్రం) బిగించిన చోట ఫ్లోర్ చీలొచ్చు. మాజ్డా ఆర్ఎక్స్-8 రోటరీ ఇంజిన్ (పిస్టన్ల బదులు తిరిగే రోటర్లుంటాయి) ఆయిల్ తాగడం మామూలే, కానీ కంప్రెషన్ టెస్ట్ (ఇంజిన్ లోపల ఒత్తిడి సరిగ్గా నిలుస్తోందా అని చూసే పరీక్ష) చేయించకుండా దాన్ని ముట్టుకోవద్దు. మొదటిసారి కొనేవాళ్లకి నేనైతే మాజ్డా ఎంఎక్స్-5 చెబుతాను. తేలికైన కారు, ఇంజిన్ సింపుల్, రోజువారీ వాడకాన్ని తట్టుకుంటుంది. పాతవాటిలో తలుపుల కింద తుప్పు ఒక్కటీ బాగా చూసుకోండి.

ఇక అసలు పరీక్ష, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయడం. మీరు వచ్చేదాకా కారు తీయొద్దని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయండి. వేడెక్కిన ఇంజిన్ చాలా శబ్దాలు దాచేస్తుంది. ఒకరు కీ తిప్పుతుంటే ఇంకొకరు సైలెన్సర్ వెనక నిలబడాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందని అనుమానించాలి. పోర్షే ఫ్లాట్ ఇంజిన్లు (సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండేవి) చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారి కాస్త పొగ వదలడం మాత్రం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. కారు కంప్యూటర్‌కి స్కానర్ పెట్టినప్పుడు లోపాలు చెప్పే కోడ్లు ఏమీ లేవని సంతోషించే ముందు రెడీనెస్ మానిటర్లు (కారు తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపించేవి) కూడా చూడండి, చాలావరకు పూర్తికాలేదని చూపిస్తే ఎవరో ఈమధ్యే కోడ్లు చెరిపేశారని, లేదా బ్యాటరీ తీశారని అర్థం. ఇవన్నీ బాగున్నా, ఆ మోడల్ తెలిసిన మెకానిక్ చేత లిఫ్ట్ మీద చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ట్రెడ్ ఎంత బాగున్నా ఆరేడేళ్లు దాటిన టైర్ల ఖర్చు బేరంలో తగ్గించమనండి. తక్కువ కిలోమీటర్లు చూసి మురిసిపోవడం కూడా నాకు నచ్చదు, ఏళ్ల తరబడి షెడ్డులో ఉన్న కారులో రబ్బరు సీళ్లు, హోస్‌లు ఎండిపోతాయి. బిల్లులన్నీ ఉండి, క్రమంగా తిరిగిన కారే మేలు.

కొన్నాక ఒక అలవాటు చేసుకోండి. కూలెంట్ మీటర్ మధ్యకి వచ్చినంత మాత్రాన ఇంజిన్ వేడెక్కినట్టు కాదు, ఆయిల్ వేడెక్కడానికి ఇంకా టైం పడుతుంది, అప్పటిదాకా ఆర్పీఎం పెంచొద్దు. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగితే ఆయిల్‌లో తేమ, పెట్రోల్ చేరతాయి కాబట్టి కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాలి, వారానికోసారైనా దూరం తీసుకెళ్లాలి. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి. సమ్మర్ టైర్లయితే 7 డిగ్రీల కంటే చలి ఉన్నప్పుడు పట్టు తగ్గుతుంది, జాగ్రత్త. ఒక్కోసారి చిన్న భాగం కోసం వారాలు ఆగాల్సి వస్తుంది, ఆ రోజుల్లో పనికి ఎలా వెళ్తారో కారు కొనకముందే ఇంట్లో మాట్లాడుకుని పెట్టుకోండి.