వెనక తెర వెలిగితే ముందు ముఖం ఆరిపోతుంది: యాన్యువల్ డే షూట్‌కు ముందు జాగ్రత్తలు

సంక్రాంతి సెలవులు అయిపోగానే అనంతపురంలో స్కూళ్ల యాన్యువల్ డేలు ఊపందుకుంటాయి. ఇదివరకు స్టేజీ వెనక ఫ్లెక్సీ ఒకటి కట్టేవాళ్లు, వీడియో తీసే మాకు ఏ గొడవా ఉండేది కాదు. ఇప్పుడు చిన్న స్కూలు కూడా ప్రొజెక్టరో, ఎల్ఈడీ వాలో పెట్టి పాటకో వీడియో వేస్తోంది. 1885లో మన కడప జిల్లాలో పుట్టిన సురభి నాటకాలవాళ్లూ రంగుల పరదాలతో అడవిని, కోటను చూపించినవాళ్లే. కాకపోతే ఆ పరదా తనంతట తాను వెలిగేది కాదు.

పోయినేడాది ఒక స్కూల్లో ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి తీసుకునే వెలుతురు) ఆటోలో వదిలేశాను. కృష్ణుడి వేషంలో ఒక పాప వచ్చింది. వెనక సూర్యోదయం. తెర తెల్లబడగానే కెమెరా వెలుతురు తగ్గించేసుకుంది. పాప నల్లటి నీడైపోయి, నెమలి పింఛం అంచు మాత్రం మెరిసింది. తెర చీకటి కాగానే ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. పెన్‌డ్రైవ్ తీసుకెళ్లిన వాళ్లమ్మ మర్నాడు ఫోన్ చేసి, "ఇందులో మా పాప ముఖమే లేదు కదన్నా" అంది.

అప్పటినుంచి అంతా మాన్యువల్‌లోనే. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే రంగుల సర్దుబాటు) రెండూ ముఖం మీద పడే లైటును బట్టే పెట్టండి. పసుపు వెలుగిచ్చే పాత స్టేజీ బల్బులు, అంటే పార్ లైట్లయితే వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్ దగ్గర సరిపోతుంది. తెర నీలంగా కనిపిస్తే కనిపించనీయండి. ఫోకస్ కూడా ఆటోలో ఉంటే మనిషిని వదిలి తెర మీదికి పోతుంది.

అసలు పని మాత్రం ఎల్ఈడీ వాల్ కుర్రాడితోనే. "తమ్ముడూ, బ్రైట్‌నెస్ కొంచెం తగ్గించు" అంటే, "తగ్గిస్తే వెనకున్నోళ్లకు కనపడదన్నా" అంటాడు. రిహార్సల్ రోజే అతన్ని చివరి వరుసలో కూర్చోబెట్టి చూపించండి. చీకటి పడ్డాక సగానికి తగ్గించినా బాగానే కనిపిస్తుందని అతనే ఒప్పుకుంటాడు.

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) 1/50 సెకను మామూలు లెక్క. ప్రొజెక్టర్ సాధారణంగా 60 హెర్ట్జ్ మీద నడుస్తుంది, అందుకని వీడియోలో చారలు పాకితే 1/60 పెట్టి చూడండి. కెమెరాలో షట్టర్‌ను సన్నసన్నగా మార్చే క్లియర్ స్కాన్ సెట్టింగ్ ఉంటే చార ఆగేదాకా దాన్ని కొద్దికొద్దిగా జరపండి. రంగులను ఒకదాని తర్వాత ఒకటి వేసే డీఎల్పీ రకం ప్రొజెక్టర్ ముందు 1/250 లాంటి వేగం వద్దు, ఇంద్రధనస్సు పట్టీలు వస్తాయి. కెమెరా చిన్న స్క్రీన్‌లో ఇవి తెలియవు. అర నిమిషం రికార్డు చేసి పెద్ద టీవీలో చూడండి. ఎల్ఈడీ వాల్ మీద అలల్లా గీతలొస్తే కెమెరాను కాస్త పక్కకో వెనక్కో జరపండి, పిల్లల్ని వాల్‌కు నాలుగడుగులు ముందుకు నిలబెట్టమనండి.

లేజర్ లైట్లతో మాత్రం ఆటలొద్దు. ఆ కిరణం నేరుగా లెన్స్‌లో పడితే సెన్సర్ మీద మచ్చో గీతో శాశ్వతంగా ఉండిపోతుంది. అవి ఏ పాటకు వేస్తారో, ఎటు తిరుగుతాయో ముందే కనుక్కుని కెమెరా చోటు మార్చుకోండి.

ఇక, తెర మీద వేసే వీడియోలన్నీ ముందే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోండి. ముఖం కోసం తెరను వదిలేసిన చోట ఎడిటింగ్‌లో అవే ఆదుకుంటాయి. ప్రోగ్రాం అయ్యాక అడుగుదాంలే అనుకుంటే, వందన సమర్పణ పూర్తయ్యేలోపే ల్యాప్‌టాప్ అబ్బాయి వైర్లు చుట్టేసి ఆటో ఎక్కేసి ఉంటాడు.