పోయినవారి పేరు పలకండి

ఆప్తులను పోగొట్టుకున్నవారికి తోడుగా నిలవడం నేర్చుకుంటున్నారా? "ఏదైనా అవసరమైతే చెప్పండి" అనడం ముందు మానుకోండి. ఆ స్థితిలో ఏమి అడగాలో ఆలోచించడమే వారికి పెద్ద పని. "గురువారం సాయంత్రం వచ్చి పిల్లలను చూసుకుంటాను, సరేనా?" అని అడిగితే వారు ఊ అంటే చాలు.

పోయినవారి పేరు పలకడానికి జంకకండి. గుర్తుచేసి బాధపెడతామేమో అనుకుంటాం. వారు మరిచిపోతే కదా గుర్తుచేయడం! "ఆయన ఎలా నవ్వేవారు?" అని అడిగి ఊరుకోండి. కన్నీళ్లు రాగానే రుమాలు చేతిలో పెడితే ఇక చాలించమన్నట్టు ఉంటుంది. చేతికందే చోట ఉంచండి. మొదట్లో ఆ మౌనాన్ని నేనూ భరించలేకపోయేదాన్ని. లోలోపల పది లెక్కపెట్టుకునేదాన్ని. ఏ ఎనిమిదో అంకె దగ్గరో అవతలివారే నోరు విప్పేవారు.

దుఃఖానికి ఐదు దశలంటూ (నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, కుంగుబాటు, ఒప్పుకోలు) ఎవరినీ వరుసలో నిలబెట్టకండి. 1969లో మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ వాటిని చెప్పింది మరణానికి చేరువైన రోగులతో మాట్లాడి, ఆప్తులను పోగొట్టుకున్నవారితో కాదు. ఉదయం నవ్విన మనిషి మధ్యాహ్నం కుప్పకూలవచ్చు.

చనిపోవాలనుందన్న మాట వినబడితే మాత్రం దాటవేయకుండా నేరుగా అడగండి, ఒంటరిగా వదలకుండా వైద్యుల దగ్గరకు వెంటబెట్టుకుని వెళ్లండి.

మూడో నెలలో ఒక ఫోను చేయండి. అప్పటికి పలకరింపులు పలచబడి ఉంటాయి.