వలయం రావట్లేదా? బెంగళూరులో ఎంజైమ్ ఫంగస్ వెతికేవారికి

వేసవి వానలకు బెంగళూరు రోడ్ల పక్కన నిద్రగన్నేరు, తురాయి కొమ్మలు విరిగిపడి అక్కడే కుళ్లుతుంటాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఇక్కడికి వచ్చిన మన పిల్లలు, చెక్కను కుళ్లబెట్టే ఎంజైమ్‌లు చేసే ఫంగస్‌ను (బూజును) వెతకడానికి ఆ చెక్కముక్కలు, పిడికెడు ఎర్రమట్టి ల్యాబుకు తెచ్చుకుంటారు. ఆ తర్వాత టెన్షన్‌తో ఫోన్ చేసి అడిగేవి ఇవే.

సమస్య: రెండు రోజుల్లోనే ప్లేటంతా ఒకే బూజు కమ్మేసింది.
కారణం: రైజోపస్ లేదా ట్రైకోడెర్మా అనే, వేగంగా పెరిగే బూజులు. రెండూ మిగతావాటికి చోటివ్వవు.
పరిష్కారం: మట్టిని పదివేల రెట్లు పలచన చేయండి. మీడియంలో (ఫంగస్‌కు ఆహారంగా ప్లేటులో పోసే జెల్లీలో) లీటరుకు 50 మి.గ్రా. రోజ్ బెంగాల్ అనే రంగు కలిపితే కాలనీలు చిన్నగా ఉంటాయి. ఆ ప్లేట్లను చీకట్లోనే ఉంచాలి, వెలుతురు తగిలితే ఆ రంగు ఫంగస్‌కే విషమవుతుంది. బాక్టీరియా రాకుండా క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 100 మి.గ్రా. చాలు.

అయితే ట్రైకోడెర్మాను కలుపు మొక్కలా పారేయకండి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సాలమన్ దీవుల్లో సైన్యం కాన్వాసును తినేసిన ట్రైకోడెర్మా రీసై సంతతే నేడు పరిశ్రమలకు సెల్యులేజ్ (మొక్కల పీచులోని సెల్యులోజ్‌ను విరిచే ఎంజైమ్) ఇస్తోంది. ఒక కాలనీ తీసి దాచుకోండి.

సమస్య: ఫంగస్ ఏపుగా పెరిగింది, కాంగో రెడ్ అనే రంగు పోస్తే, సెల్యులోజ్ విరిగిన చోట కాలనీ చుట్టూ రావాల్సిన లేత వలయం లేదు.
ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే, తప్పు చాలాసార్లు ఫంగస్‌ది కాదు.
కారణం: బంగాళదుంపతో చేసే మామూలు మీడియం పీడీఏలో లీటరుకు 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్ అనే చక్కెర ఉంటుంది. వండిన అన్నం ముందుంటే వడ్లు దంచుకునేదెవరు? చక్కెర ఉన్నంతసేపూ సెల్యులేజ్ తయారీ ఆగిపోతుంది.
పరిష్కారం: ఖనిజ లవణాలతో పాటు 1 శాతం సీఎంసీ (నీళ్లలో కరిగే సెల్యులోజ్ రూపం) మాత్రమే ఆహారంగా ఇచ్చి 28 డిగ్రీల వద్ద పెంచండి. మూడో రోజుకే పరీక్షించండి, ఆలస్యమైతే కాలనీ విస్తరించి వలయాన్ని కప్పేస్తుంది. 0.1 శాతం కాంగో రెడ్ 15 నిమిషాలు, తర్వాత 1 మోలార్ ఉప్పునీళ్లు 15 నిమిషాలు. రంగు పోసే ముందే కొత్త ప్లేటు మీదకు ఒక తునక మార్చండి. ఈ ఒక్క పని మరిచి మంచి ఫంగస్‌ను పోగొట్టుకున్నాను, ఆ చెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లినా అది దొరకలేదు.
సీఎంసీ వలయం ప్రధానంగా సెల్యులోజ్ గొలుసును మధ్యలో తెంచే ఎండోగ్లూకనేజ్ అనే ఎంజైమ్‌నే చూపిస్తుంది. పూర్తి సెల్యులేజ్ అనడానికి ఫిల్టర్ పేపరు పరీక్ష కూడా చేయాలి.

సమస్య: చెక్కముక్క నుంచి పచ్చబూజు తప్ప ఏమీ రాలేదు.
కారణం: పైన అంటుకున్న బీజాలు.
పరిష్కారం: 1 శాతం హైపోక్లోరైట్‌లో రెండు నిమిషాలు ముంచి, స్టెరైల్ నీళ్లతో మూడుసార్లు కడగండి. కుళ్లిన భాగం గట్టి చెక్కను కలిసే చోట లోపలి తునక తీయండి. లాకేజ్ (చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను విరిచే ఎంజైమ్) కావాలంటే తెల్లబారి పీచుగా విడిపోయే చెక్కను ఎంచుకోండి. గోధుమరంగులో ఘనాలుగా పగిలిన చెక్కలో లాకేజ్ దొరికే అవకాశం తక్కువ.

సమస్య: గ్వయకాల్ (లాకేజ్ తగిలితే ఎర్రబడే రసాయనం) కలిపిన ప్లేటు ఎర్రబడింది, అది లాకేజేనా?
హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటేనే పనిచేసే పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ కూడా కావచ్చు. ఫంగస్‌ను పెంచిన ద్రవాన్ని వడకట్టి, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలపకుండా ఏబీటీఎస్ అనే రంగు మారే రసాయనం వేయండి. ఆకుపచ్చగా మారితే లాకేజ్ అనుకోవచ్చు. ఏ ప్లేటునైనా మూత తీసి వాసన మాత్రం చూడకండి, ఆస్పర్జిల్లస్ అనే బూజు బీజాలు ఊపిరితిత్తులకు ప్రమాదం.