వేగంగా సాగే క్లాసులో తెలుగులో నోట్స్ రాసుకునే పద్ధతి

గ్రూప్-2 వంటి పరీక్షలకు తెలుగు మాధ్యమంలో సిద్ధమయ్యేవారికి పాలిటీ (రాజ్యాంగం, పరిపాలన) క్లాసులో ఎదురయ్యే మొదటి కష్టం పాఠం అర్థం కాకపోవడం కాదు, పాఠం చేతికి అందకపోవడం. హైదరాబాద్ అశోక్‌నగర్‌లోనైనా, విజయవాడలోనైనా కోచింగ్ క్లాసులో సిలబస్ ముగించే తొందరే ఎక్కువ కనుక డిక్టేషన్ చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. రన్నింగ్ నోట్స్ రాసుకోవలసిందే. ఈ పరిస్థితిలో చాలామంది చేతివేగం పెంచుకోవాలని చూస్తారు. అంతకంటే ముందు నేర్చుకోవలసింది కలం ఎప్పుడు కదపాలన్నది.

తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. కాదు, లేదు, కూడదు, తప్పదు అనే తీర్పంతా వాక్యం ముగిసే చోటే ఉంటుంది. అందువల్ల అధ్యాపకుడు నోరు తెరవగానే మొదటి మాట నుంచి రాయడం మొదలుపెట్టినవారు, అసలు సంగతి వచ్చే సమయానికి ఇంకా వాక్యం మొదటి సగంలోనే తచ్చాడుతుంటారు. ఉదాహరణకు ఈ వాక్యం చూడండి: “పార్లమెంటు ఆమోదించిన సాధారణ బిల్లును రాష్ట్రపతి పునఃపరిశీలనకు తిప్పి పంపినప్పుడు, ఉభయసభలు దాన్ని సవరణలతో గానీ, సవరణలు లేకుండా గానీ మళ్లీ ఆమోదించి పంపితే, రాష్ట్రపతి ఆమోదం తెలపకుండా నిలిపివేయడానికి వీలులేదు.” ఇందులో పరీక్షకు కావలసింది ‘వీలులేదు’ అన్న చివరి మాట. వాక్యమంతా విని, ఆ మాట చెవిన పడ్డాక ఇలా రాయవచ్చు (చివరి 111 రాజ్యాంగ అధికరణ సంఖ్య):

సా.బి. – రా.ప. తిప్పి → పార్ల. మళ్లీ ఓకే → రా.ప.కు తప్పదు (111)

ఇలా విని రాయడం మొదట్లో భయంగానే ఉంటుంది, మధ్యలో ఏదో జారిపోతున్నట్లు అనిపిస్తుంది. కానీ ఒక వాక్యాన్ని మనసులో నిలుపుకుని రాసేటప్పుడు అనవసరమైన మాటలు వాటంతట అవే రాలిపోతాయి. పైగా మన అధ్యాపకుల్లో చాలామందికి ముఖ్యమైన వాక్యాన్ని రెండోసారి చెప్పే అలవాటు ఉంటుంది. మొదటిసారి వినడానికి, రెండోసారి రాయడానికి అని పెట్టుకుంటే సగం హడావుడి తగ్గుతుంది.

ఇక మాటలను కుదించడం. క్రీ.పూ., కి.మీ., రూ., ఉదా. వంటివి మనం రోజూ వాడుతున్నవే. పద్యం ముందు ఉ., చం., సీ., తే.గీ. అని ఒకటి రెండు అక్షరాలతో ఛందస్సు పేరు చెప్పే సంప్రదాయం కూడా మనకు ఉంది. పద్ధతి అదే: మాటలోని మొదటి అక్షరాన్ని ఒత్తుతో, గుణింతంతో సహా పూర్తిగా రాసి, మిగతాది వదిలేయాలి. ప్రధానమంత్రి ప్ర.మం., సుప్రీంకోర్టు సు.కో., పంచాయతీరాజ్ పం.రా. అవుతాయి. అంతేగాని అక్షరాలన్నీ ఉంచి గుణింతాలు, ఒత్తులు ఎగరగొట్టి రాయవద్దు. అలా రాసినది మర్నాటికి రాసినవారికే అంతుపట్టదు. విభక్తి ప్రత్యయాలను మాత్రం చాలాచోట్ల నిస్సంకోచంగా వదిలేయవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాలిటీలో ‘రా’తో మొదలయ్యే మాటలు ఎక్కువ: రాజ్యాంగం, రాష్ట్రం, రాష్ట్రపతి, రాజ్యసభ, రాజ్యాంగ సభ. రా.స. అని రాసుకుంటే అది రాజ్యసభో, రాజ్యాంగ సభో తర్వాత తేలదు. అందుకే క్లాసుకు ముందే నోట్‌బుక్ అట్ట లోపలివైపు సంక్షిప్తాల పట్టిక ఒకటి రాసుకుని, రాజ్యసభకు రా.స., రాజ్యాంగ సభకు రాజ్.స. అని తేల్చుకోవాలి. క్లాసు నడుస్తుండగా కొత్త సంక్షిప్తాలు పుట్టించకూడదు.

షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. సాంకేతిక విద్యామండళ్లు తెలుగు షార్ట్‌హ్యాండ్‌కు కూడా పరీక్షలు నిర్వహిస్తాయి, అది విలువైన విద్యే. అయితే దానికి నెలల తరబడి సాధన కావాలి, రాసినదాన్ని మళ్లీ తిరగరాయాలి. పరీక్ష దగ్గరపడినవారికి అది దారి కాదు.

ఏది రాయాలన్న విషయంలో నా అభిప్రాయం స్థిరమైనది: సంవత్సరాలు, అంకెలు, పేర్లు ముందు; వివరణ తర్వాత. వివరణ పుస్తకంలో దొరుకుతుంది, ఆలోచించినా తడుతుంది. సంవత్సరం మాత్రం ఊహకు అందదు. పంచాయతీరాజ్ పాఠంలో అధ్యాపకుడు ఇలా చెప్పారనుకుందాం: 1957 జనవరిలో నియమించిన బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ అదే ఏడాది నవంబరులో నివేదిక ఇస్తూ గ్రామ, బ్లాకు, జిల్లా స్థాయుల్లో మూడంచెల వ్యవస్థను సిఫార్సు చేసింది, దాన్ని మొదట 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో ప్రారంభించగా, అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ అనుసరించింది, 1977 డిసెంబరులో వేసిన అశోక్ మెహతా కమిటీ మాత్రం మరుసటి ఏడాది ఆగస్టులో ఇచ్చిన నివేదికలో జిల్లా పరిషత్, మండల పంచాయతీ అనే రెండంచెలు చాలునంది. నోట్‌బుక్‌లో ఇది మూడు వరుసలు:

బ.మె. – 57 జన → నవం – 3 అంచెలు: గ్రా/బ్లా/జి
1. రాజస్థాన్, నాగౌర్ 2-10-59, 2. ఆం.ప్ర. 59
అ.మె. – 77 డిసెం → 78 ఆగ – 2 అంచెలు: జి.ప. + మం.పం.

రెండు కమిటీలకూ ఒకే వరస పాటించడం గమనించండి: పేరు, కాలం, సిఫార్సు. పరీక్షలో తేడా అడుగుతారు కనుక, పోల్చదగినవాటిని ఎప్పుడూ ఒకే వరసలో రాయాలి.

పేజీకి ఎడమవైపు నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ వదలండి. ఒక మాట తప్పిపోతే అక్కడ ప్రశ్నార్థకం పెట్టి, వరుస వదిలి ముందుకు సాగాలి. పక్కవారి నోట్‌బుక్‌లోకి తొంగిచూస్తే ఇద్దరికీ తర్వాతి వాక్యం పోతుంది. బోర్డు మీది పట్టికలను, అనుమతి ఉంటే, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. కానీ ఫొటో ఉంది కదా అని వినడం మానకూడదు.

ఫెయిర్ నోట్స్ పేరుతో అంతా మళ్లీ రాయడం సమయం దండగ. అదే రోజు రాత్రి రఫ్ నోట్స్ ఒకసారి చదివి, జ్ఞాపకం తాజాగా ఉన్నంతలో ప్రశ్నార్థకాలు పూరించి, ఎడమ ఖాళీలో ఒక్కొక్క ప్రశ్న రాసుకుంటే చాలు. పై మూడు వరుసల పక్కన “అ.మె. ఎన్ని అంచెలు? ఏవి?” అన్నది సరిపోతుంది. అప్పటికీ పూరించలేని ఖాళీలను మర్నాడు క్లాసు మొదలవకముందే అధ్యాపకుణ్ణో, తోటి విద్యార్థినో అడిగి రాసుకోవాలి.