తెలుగులో ఆలోచించకుండా హిందీ మాట్లాడాలంటే

తెలుగువాళ్లకి హిందీ మొదట్లో సులువుగా లొంగినట్టే ఉంటుంది. క్రియ చివరే వస్తుంది. 'నాకు ఆకలేస్తోంది', 'ముఝే భూఖ్ లగీ హై' ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అందుకే మనసులో తెలుగు వాక్యం కట్టుకుని మాటకు మాట మార్చినా కొంతదూరం బండి నడుస్తుంది. 'లగీ' దగ్గర ఆగిపోతుంది: భూఖ్ స్త్రీలింగం కాబట్టి 'లగా' కాదు, 'లగీ'. మనకు చాయ్, బస్సు, కిరాయి అన్నీ 'అది'యే. హిందీలో చాయ్, బస్ స్త్రీలింగం, కిరాయా పుంలింగం. నోరు తెరిచాక లింగం వెతుక్కుంటే ఆలస్యమే. కాబట్టి విడి మాట నేర్చుకోవద్దు, జంటగా పట్టండి: అచ్ఛీ చాయ్, ఠండా పానీ, మేరీ బస్, పూరా కిరాయా. రోజుకు అయిదు జంటలు చాలు, పైకి అనాలి.

తర్వాతి గుంట, తిన్నాను, తాగాను లాంటి మాటల్లో 'నేను'కు తగిలే 'నే'. 'మైనే చాయ్ పీ', 'మైనే పానీ పియా': తాగింది మీరే అయినా క్రియ తాగినదాన్ని బట్టి మారుతుంది. తెలుగులో ఇలాంటిది లేదు, సూత్రం తెలిసినా నోటికి రాదు. రోజూ రాత్రి మూడు నిమిషాలు ఖానా, పీనా, దేఖ్‌నా, కర్‌నా, ఖరీద్‌నా ఈ అయిదింటితోనే ఆ రోజు చేసినవి చెప్పుకోండి. పాతబస్తీలో 'మై చాయ్ పియా' అని వినబడుతుంది. అది తప్పు కాదు, దక్కనీ (హైదరాబాద్ వైపు ఉర్దూ) తీరు. దక్కనీలో మన 'అని'కి సరిపడే 'బోల్‌కే' కూడా ఉంది: 'ఆతూఁ బోల్‌కే బోలా', వస్తానని చెప్పాడు. చార్మినార్ దగ్గర హాయిగా వాడండి, ఇంటర్వ్యూలో మాత్రం 'ఉస్‌నే కహా కి మైఁ ఆఊఁగా'.

మాట తట్టనప్పుడు 'అదీ... ఏంటంటే' అన్నారో, వెనకాలే తెలుగు వాక్యం వచ్చేస్తుంది. ముందు ఆ ఊతపదాన్నే మార్చండి: 'మత్‌లబ్', 'వో క్యా హై కి'. పేరు గుర్తురాకపోతే పని చెప్పండి. జల్లెడ కావాలా? 'జిస్‌సే ఆటా ఛాన్‌తే హైఁ'. మీరు తడబడితే ఆటోవాలా తెలుగులోకి దిగిపోతాడు. మీరు హిందీలోనే సాగించండి.

అన్నిటికంటే మొండివి అంకెలు. ఇరవై ఐదులో ఇరవై, ఐదు విడిగా కనిపిస్తాయి, పచ్చీస్‌లో కలిసిపోయాయి. 'ఉన్' అంటే ఒకటి తక్కువ: 29 ఉన్‌తీస్, 59 ఉన్‌సఠ్. 89 నవాసీ, 99 నిన్యానవే ఈ లెక్కకు రావు. సిగ్నల్ దగ్గర ముందున్న బండి నంబరు ప్లేటుమీది నాలుగంకెల్ని రెండేసి చొప్పున హిందీలో చదవండి.