ముసలి కుక్కకు క్యాలెండర్ లెక్క
మా టామీకి పదమూడేళ్లు. అనంతపురంలో డాక్టర్ "ఎప్పట్నుంచి సరిగా తినట్లేదు?" అని అడిగిన ప్రతిసారీ నేను నీళ్లు నమిలేవాణ్ని. ఇప్పుడు వంటింటి గోడ క్యాలెండర్‌లోనే గుర్తు పెడుతున్నా. గిన్నె ఖాళీ చేస్తే టిక్కు, సగం వదిలేస్తే అడ్డగీత, మెట్లెక్కలేకపోతే సున్నా. రాత్రి గాఢనిద్రలో ఉన్నప్పుడు ఊపిరికి డొక్క ఎన్నిసార్లు లేస్తుందో 30 సెకన్లు లెక్కపెట్టి, రెండుతో గుణిస్తా. మామూలుగా నిమిషానికి 30 లోపే ఉండాలి. దాటితే గంటాగి మళ్లీ చూస్తా, అప్పుడూ దాటితే డాక్టరుకు ఫోనే. (డాక్టరు ముందు ఆ కాగితం పెడితే మాట సగం తగ్గింది.)

మా ఎండలకు రొప్పుతున్నప్పుడు, కలలో కాళ్లాడిస్తున్నప్పుడు ఈ లెక్క పనికిరాదు. చిగుళ్లు పాలిపోయినా, మెలకువలో ఊపిరందకపోయినా లెక్కలు పెట్టుకుంటూ కూర్చోకండి, వెంటనే ఆటో పిలవండి.